నూట ముప్పై ఎనిమిది పగిలిన ప్లేట్లు, ఒక ఖాళీ గడి

ముందుగా పోయినవాటి లెక్క.

పగిలిన సోలార్ ప్లేట్లు నూట ముప్పై ఎనిమిది. వాటిలో నా తెలివితేటల వల్ల పనికిరాకుండా పోయినవి పది. ఎదురుచూపులో గడిచిన రోజులు ఏడువందల తొంభై మూడు. టార్పాలిన్ పట్ట ఒకటి. తిరుమణిలో ఒక టీ అంగడి బల్ల, ఒక అంగన్‌వాడీ పిల్లల బోర్డు. నా జీతంలో ఒక ఏడాది పెంపు. గొర్రెపిల్లలు... ఈ ఒక్క గడి ఇప్పటికి ఖాళీగా వదిలేస్తున్నాను. నలభై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, ఖాళీ గడి చూస్తే నాకు అన్నం సయించదు. అయినా వదలడానికి కారణం ఉంది.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. కర్ణాటక అంచున పావగడలో ఒక శెనక్కాయల మండీలో మూటలు ఎంచుతూ లెక్క నేర్చుకున్నాను. వానలు తగ్గి శెనక్కాయలు పోయాయి, వాటి వెనక మండీ పోయింది. తర్వాత ఆ చేలల్లోనే సోలార్ ప్లేట్లు మొలిచాయి. మూటలు ఎంచినవాడు ప్లేట్లు ఎంచలేడా అని తిరుమణి దగ్గర ఒక కంపెనీవాళ్ళు నన్ను స్టోర్స్‌లో పెట్టుకున్నారు. కంప్యూటర్ కూడా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పక్కవాడు కొడుతుంటే చూసి నేర్చుకున్నాను. పోయిన ఏడాది యాభై ఎనిమిది నిండి ఇంటికొచ్చేశాను. ఇప్పుడు ప్లాంట్లలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, “సామీ, స్టోర్స్ పనిలో ముఖ్యమైనది ఏంది?” అని అడుగుతుంటారు. వచ్చింది రాసుకో, పోయింది రాసుకో అని చెప్పి పంపేస్తాను. అది సగం జవాబు. మిగతా సగం ఇది.

మా ప్లేట్లన్నీ చైనా నుంచి వచ్చినవి. అందులో వింతేమీ లేదు, మా చుట్టుపక్కల చాలామందివి అక్కడివే. వాళ్ళ గాజు, మన ఎండ. ఎండకు సుంకం లేదు కాబట్టి బేరం మనకే లాభమనుకున్నాం. ప్లేటుకు ముందూ వెనకా రెండువైపులా గాజే. పన్నెండేళ్ళ గ్యారంటీ కాగితం ఇచ్చారు. దాన్ని నేను ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరుకు ఒక నంబరు వేసి, ఆ నంబరును ఒక పుస్తకంలో రాసి భద్రపరిచాను. కాగితం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ప్లేట్లు మూడో ఏడే పగలడం మొదలుపెట్టాయి.

ఎవరూ ఏమీ చెయ్యకుండానే పగిలేవి. మిట్టమధ్యాహ్నం వరసల మధ్య నడుస్తుంటే టప్‌మని ఒక శబ్దం, వెనక గాజు మీద చెట్టు కొమ్మల్లా చీలికలు. ఏడాదిన్నరలో నూట ముప్పై ఎనిమిది. ఒక్కొక్కటీ ఊడదీయించి స్టోర్స్ గదిలో గోడకు ఆనించి నిలబెట్టాను. మా మేనేజర్ గారు కోస్తా మనిషి, అందరినీ ‘గారూ’ అనే మర్యాదస్తుడు, నిద్రలో కూడా మెయిళ్ళు రాసే రకం. “స్టోర్స్ గారూ, పగిలినవాటికల్లా ఫోటోలు తీయండి. గ్యారంటీ అడుగుదాం” అని మొదటిది పగిలిన రోజే అన్నారు. తీశాను. నూట ముప్పై ఎనిమిది ప్లేట్లకు నూట ముప్పై ఎనిమిది ఫోటోలు, ఊడదీయకముందే, వరసలో ఉన్నచోటే, నంబరు కనబడేటట్టు.

నా మొదటి తప్పు అరవై ఒకటో ఫోటోలో ఉంది. పగిలిన ప్లేటు బాగా వచ్చింది, నంబరు బాగా వచ్చింది, ప్లేటు కింద నుంచి ఒక గొర్రె తల ఇంకా బాగా వచ్చింది.

ఆ గొర్రె రాయచెర్లు అనే ఊళ్ళో ఉండే అక్కది. అక్క అంటే నాకంటే పదేళ్ళు పెద్ద. సెంటు భూమి లేని గొర్రెల కాపరి మనిషి, కాబట్టి ప్లాంట్లకు గుత్తకిచ్చి ఏటేటా డబ్బు తీసుకునే అవకాశం లేదు. ఆమె గొర్రెలు మేసే బీళ్ళన్నీ కంచె లోపలికి పోయాయి. ప్లేట్లు కడిగిన నీళ్ళకు కింద గడ్డి మోకాలెత్తు పెరిగేది. దాన్ని కోయించాలంటే కంపెనీకి ఖర్చు. అందుకని గొర్రెల్ని లోపలికి వదలండి అని మేనేజర్ గారే నోటిమాటగా చెప్పారు. గడ్డికి గొర్రెలు దొరికాయి, గొర్రెలకు గడ్డి దొరికింది, కాగితం మీద మాత్రం గొర్రెలు లేవు. అరవై ఒకటో ఫోటో వరకు.

చైనా కంపెనీ జవాబు తొమ్మిదో రోజు వచ్చింది. మేనేజర్ గారు చదివి తెలుగులో చెప్పారు. “మీ సైటులో పశువులు ఉన్నట్టు కనిపిస్తోంది. కాపరులు విసిరే రాళ్ళ వల్ల గాజు పగిలి ఉండవచ్చు. రాయి తగిలితే మా బాధ్యత లేదు. మా మనిషి వచ్చి ప్రతి ప్లేటునూ కళ్ళారా చూసి తేలుస్తారు. అప్పటిదాకా ప్లేట్లను భద్రంగా ఉంచండి.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “రాయి అని తేలితే మనకు కొత్త ప్లేట్లు రావు. అప్పుడిక ఆ గొర్రెల్ని లోపలికి రానివ్వడం కుదరదు, స్టోర్స్ గారూ. గేటు మూసెయ్యడమే.”

గేటు మూస్తే అక్క గొర్రెలకు తాలూకాలో మరో మేత లేదు. ఫోటో తీసింది నేను.

చైనా మనిషి నెలలో వస్తాడనుకున్నాం. ఆ నెలలోనే రెండు దేశాలకూ చెడింది. సరిహద్దులో గొడవ, ఓడరేవుల్లో పెట్టెలు విప్పి వెతకడం, ఫోన్లలో ఆటలు నిషేధం, వీసాలు బంద్. మాకూ ఆ సరిహద్దుకూ మధ్య ఎన్ని వందల మైళ్ళో నేను పటం మీద దారంతో కొలిచాను. ఆ దారం చివర మా స్టోర్స్ గది ఉంటుందని ఏ మంత్రికీ తెలియదు. ఒకరోజు మా గేటు దగ్గరికే ఒక లీడరు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చి, చైనా సరుకు కొనకూడదని మైకులో ఉపన్యాసం మొదలుపెట్టాడు. మధ్యలో మైకు ఛార్జి అయిపోయింది. గేటు దగ్గర మా సెక్యూరిటీ తమ్ముడు, వెంకటమ్మనహళ్లివాడు, వైరు అందించి ఊరుకోకుండా అడిగాడు.

“అన్నా, ఇది చైనా ప్లేట్ల కరెంటు. ఫరవాలేదా?”

“కరెంటుకు యాడుంది రా దేశం? పెట్టు పెట్టు.”

అంతకంటే మంచి మాట ఆ రెండేళ్ళలో ఏ పేపర్లోనూ నేను చదవలేదు.

పేపరు మాత్రం రోజూ చదివాను. ఇద్దరు మంత్రులు ఎక్కడ కలిసినా ఫోటో కత్తిరించి నోటుబుక్కులో అతికించేవాణ్ణి. చేతులు కలిపితే ‘క’ అని, దూరం నుంచి దండం పెట్టుకుంటే ‘ద’ అని రాసి, కుర్చీల మధ్య దూరం స్కేలుతో కొలిచి పక్కన వేసేవాణ్ణి. మొదటి ఏడాది నాలుగు ఫోటోలు, నాలుగూ ‘ద’. సెక్యూరిటీ తమ్ముడు చూసి, “పెళ్ళి సంబంధం చూస్తాండావా అన్నా?” అని ఎగతాళి చేశాడు. దాదాపు అదే. కుర్చీలు దగ్గరయితే వీసా వస్తుంది, వీసా వస్తే మనిషి వస్తాడు, మనిషి వస్తే అక్క గొర్రెల సంగతి తేలుతుంది.

ఇక నా రెండో తప్పు. దీన్ని మా వైపు మనిషి తప్ప మరొకడు చెయ్యలేడు.

ఆయుధపూజ అంటే మా తాలూకాలో చిన్న విషయం కాదని మీకు తెలుసు. ప్లాంటంతా కడుగుతారు. జీపుకు అరటి పిలకలు, కంప్యూటర్‌కు కుంకుమ, పెద్ద పెద్ద మిషన్లకు మామిడాకులు. గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తారు. స్టోర్స్ గదిలో పానాలు, సుత్తులు వరసగా పేర్చి పూజ చేసేది నేనే. పగిలిన అద్దం ఇంట్లో ఉంచుకోం కదా, మరి నూట ముప్పై ఎనిమిది పగిలిన గాజుల ముందు హారతి ఎట్లా ఇవ్వడం? మొదటి ఏడాది వాటిమీద దుప్పటి కప్పాను. రెండో ఏడాది రెండు దుప్పట్లు కప్పాను. ఆ తర్వాతి ఏడాదిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, జీపు గుంతలో పడింది, సెక్యూరిటీ తమ్ముడి కాలు విరిగింది. మూడో ఆయుధపూజకు ముందురోజు అతను కుంటుకుంటూ వచ్చి గదిలో నిలబడ్డాడు.

“అన్నా, పగిలిందాన్నంతా లోపల పెట్టుకోని పూజ చేస్తే యాడ బాగుపడతాము? నా కాలు చూడు.”

“నువ్వు తాగి బండి తోలినావు. గాజు ఏం చేసె?”

“తాగినోళ్ళు వెయ్యిమంది తోలినారు. పడింది నేనొక్కణ్ణే గదా. ఆలోచన చెయ్యి.”

ఆలోచన చేశాను. అన్నిటి ఫోటోలూ ఉన్నాయి. నంబర్లన్నీ రాసి ఉన్నాయి. రెండేళ్ళు దాటింది, చివరి ఫోటోలో కూడా కుర్చీల మధ్య దూరం తగ్గలేదు. పండక్కి ఊరెళ్ళిన మేనేజర్ గారికి ఫోన్ చేశాను. “ఏదో ఒకటి చేసెయ్యండి స్టోర్స్ గారూ, పండగపూట నన్ను అడక్కండి” అన్నారు. ఆ మాట పదకొండు గంటల ఇరవై నిమిషాలకు అన్నారని రాసుకున్నాను. తర్వాత ఆయనకు గుర్తు రాలేదు కాబట్టి రాసుకోవడం మంచిదైంది, అయినా ఉపయోగపడలేదు, ఆ ఏడాది నా జీతం పెంపు ఆపేశారు.

వైర్లు కత్తిరించి, కరెంటు రాకుండా చేసి, ఊళ్ళవాళ్ళకు పంచేశాను. ఊరికే పంచితే నేనెట్లా అవుతాను? రిజిస్టర్ పెట్టాను. పేరు, ఊరు, ప్లేటు నంబరు, సంతకం లేదా వేలిముద్ర. యాభై రెండు ఇళ్ళు, నూట ముప్పై ఎనిమిది ప్లేట్లు. “చదివింపులు రాసినట్ల రాస్తాండావు గదన్నా” అన్నాడు సెక్యూరిటీ తమ్ముడు. సాయంత్రానికి గది అద్దంలా ఉంది, పగలని అద్దంలా. మర్నాడు పూజ చేస్తుంటే మనసు తేలికైంది. అంత తేలికైన రోజు నా ఉద్యోగంలో మళ్ళీ రాలేదు.

పదకొండో రోజు మేనేజర్ గారు పిలిచారు. మొహం వెలిగిపోతోంది. “వీసా వచ్చిందండీ! వచ్చే వారం వస్తున్నారు. ప్లేట్లు తుడిపించి వరసగా పెట్టించండి.”

“ప్లేట్లు ఇళ్ళల్లో ఉన్నాయి సార్.”

“ఎవరి ఇళ్ళల్లో?”

“యాభై రెండు ఇళ్ళల్లో సార్. రిజిస్టర్ ఉంది.”

ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నారు, అయినా మళ్ళీ కూర్చున్నట్టు అనిపించింది. మర్యాద తప్పకుండా ఇలా అన్నారు: “స్టోర్స్ గారూ, రెండు దేశాల ప్రభుత్వాలు రెండేళ్ళు కిందామీదా పడి ఒక మనిషిని పంపిస్తున్నాయి. ఆ మనిషికి మనం ఏం చూపిస్తాం? రిజిస్టరా?”

నేను ఇంటికొచ్చి నోటుబుక్కు తీసి చూశాను. పండగ వారంలో వచ్చిన పేపర్లు నేను చదవనే లేదు. ఏదో విదేశంలో ఇద్దరు మంత్రులు కలిశారు. ‘క’. కుర్చీల మధ్య దూరం అంతకుముందు ఫోటోలో ఉన్నదానికి సగం.

ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఆరు రోజులు ఊళ్ళు తిరిగాను. ఇచ్చినప్పుడు ఎవరూ ఇంత ప్రేమగా పలకరించలేదు. తిరుమణిలో టీ అంగడాయన నా ప్లేటుకు నాలుగు కాళ్ళు బిగించి బల్ల చేశాడు. “టీ తాగి పోన్నా, బల్ల ఆడనే ఉండనీ” అన్నాడు. టీ తాగాను, బల్ల తెచ్చాను. ఒకచోట దాని మీద ఎండుమిరపకాయలు ఆరబోశారు, ఒకచోట దూడకు అడ్డం పెట్టారు. తొమ్మిదింటికి చీలిక మీదే మేకులు దిగగొట్టారు. ఒకాయన ప్లేటు జారి పొడిపొడి అయితే గోనెసంచిలో ఎత్తి ఇచ్చాడు. దానికీ నంబరు కట్టి ఉంచడం వల్ల లెక్క తప్పలేదు. అంగన్‌వాడీ టీచరమ్మ ప్లేటుకు నల్లరంగు పూసి కన్నడ అక్షరాలు నేర్పిస్తోంది.

“ఒత్తుల దాకా వచ్చినాం సార్. దీపావళి దాకా ఆగండి.”

“చైనావాళ్ళు ఆగరమ్మా.”

“రెండేండ్లు ఆగినారంట గదా, రెండు వారాలు ఆగలేరా?”

బోర్డు ఎత్తుకుని వచ్చేశాను. పిల్లలు గేటు దాకా వచ్చి టాటా చెప్పారు, బోర్డుకు.

నూట ముప్పై ఐదు వచ్చాయి. మిగిలిన మూడూ రాయచెర్లు అక్క దగ్గర. గుట్ట పక్కన ఆమె గొర్రెల రొప్పం. నడుమెత్తు రాళ్ళ గోడ, దానిమీద ముళ్ళకంప. రొప్పం మూలలో గొర్రెపిల్లలకు చిన్న గూడు కట్టింది. పైకప్పు నా ప్లేట్లు రెండు, గాలి కొట్టే పక్క అడ్డంగా ఇంకొకటి. ఒక్క మేకు లేదు. పాత చీరల పీలికలు పేని కట్టింది.

“ఏమప్పా, మళ్ళా వచ్చినావే? ఇచ్చిన పిల్లను తిరిగి అడిగేదానికి వచ్చినట్ల ఉండాది నీ మొగం.”

“అక్కా, చైనా నుంచి మనిషి వస్తాండాడు. ప్లేట్లు చూడల్లంట.”

“చూడనీ. ఈడికే రమ్మను, దారి చెప్తా.”

“అన్నీ ఒక్క తావునే ఉండల్ల. ఎట్ల పగిలిందో చూసి చెప్తారు. రాయి తగిలి పగిలిందంటే నీ గొర్రెలకు గేటు మూస్తారు అక్కా.”

అక్క చేతిలో కర్ర నేలకు పొడిచింది. “మేము రాళ్ళేసినామా? రాయి యేస్తే కింద మేసే నా గొర్రెకే గదా తగిలేది. నా గొర్రెను నేనే కొట్టుకుంటానా?”

“అది నాకు తెలుసు. కాగితానికి తెల్దు.”

“ఆ కాగితానికి తెలిసేటట్ల చేసింది ఎవరప్పా?”

అరవై ఒకటో ఫోటో సంగతి ఆమెకు తెలుసని అప్పుడు తెలిసింది. అక్క లేచి తానే ముడులు విప్పడం మొదలుపెట్టింది.

“పిల్లలు పుట్టి నెల కాలేదు. మోడం యేస్తాంది, వాన వచ్చేటట్ల ఉండాది. ఎన్ని దినాలకు తెచ్చిస్తావు?”

“చూసిపోయిన మర్నాడే. అంతా కలిపి నాలుగు దినాలు.”

“లెక్క తప్పవని నీకు పేరు.”

“తప్పను అక్కా. పిల్లలు ఎన్ని ఉండాయి?” అలవాటు కొద్దీ అడిగేశాను.

ముడి విప్పే చెయ్యి ఆగిపోయింది. “గొర్రెల్ని ఎంచే నోరు మంచిది కాదప్పా. ఎంచితే తగ్గుతాయి.”

మా వైపు గొర్రెలవాళ్ళు సంఖ్య చెప్పరు. సాయంత్రం రొప్పం వాకిట నిలబడి ఒక్కొక్క మొహం చూస్తారు. రానిది ఏదో తెలుస్తుంది. వచ్చినవి ఎన్నో అక్కర్లేదు. ఎంచనిది ఉన్నట్టే కాదనుకునే నాకు ఆ పద్ధతి ఎప్పుడూ మింగుడుపడలేదు. ప్లేట్లు మూడూ ఎక్కించుకుని, మూడు అని రాసుకుని వచ్చేశాను.

వచ్చిన మనిషి మగవాడు కాదు. నలభై ఏళ్ళ పొట్టి మనిషి, వెడల్పాటి టోపీ, జేబులో చిన్న భూతద్దం. ఆమెకు కొంచెం ఇంగ్లీషు వచ్చు, దాన్ని మేనేజర్ గారు తెలుగు చేసేవారు. ప్లేట్లు ఎండలో వరసగా పేర్చాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, చీలికను వేలితో వెనక్కి వెనక్కి తడుముకుంటూ పోయి, అది మొదలైన చోట భూతద్దం పెట్టేది. రాయి తగిలితే అక్కడ చుక్కలాంటి గుంట ఉంటుందట. గుంట లేకుండా, క్లిప్పు బిగించిన అంచు దగ్గర మొదలైతే తప్పు గాజుదేనట. ఇరవయ్యో ప్లేటు దగ్గర ఆగి గాజు మీద ఎర్రటి మరక చూపించింది.

మేనేజర్ గారు దగ్గారు. నేను రిజిస్టర్ తెచ్చి ఆమె ముందు పెట్టి, “మిరపకాయలు” అని చెప్పాను. ఆయన దాన్ని ఇంగ్లీషు చెయ్యలేదు. చెయ్యక్కర్లేకపోయింది. ఆమె పేర్లు చదవలేదు, అంకెలు చదివింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి కూడి, చివర నేను వేసిన నూట ముప్పై ఎనిమిది కింద తన పెన్సిలుతో టిక్కు కొట్టింది. ఆ తర్వాత మరకల గురించి గానీ గొర్రెల పెంటికల గురించి గానీ మళ్ళీ అడగలేదు. లెక్క సరిగ్గా ఉన్నవాళ్ళ మధ్య ఒక మర్యాద ఉంటుంది.

మధ్యాహ్నం ఎన్ని పనికిరావని తేలిందని మేనేజర్ గారు అడిగితే ఆమె బొటనవేలూ చిటికెనవేలూ చాపి చూపించింది. ఆయన కంగారుగా జేబులో ఫోన్ తీశారు, ఎవరికో ఫోన్ చెయ్యమంటోందని. అది ఆరు అట. వాళ్ళు ఒంటిచేత్తో పది దాకా చూపిస్తారు. నేను బొటనవేలితో కణుపులు తడిమి ఒంటిచేత్తో పన్నెండు దాకా చూపించాను. ఆమె మొదటిసారి నవ్వింది. ఆ ఒక్క విషయంలో మన దేశం రెండు అంకెలు ముందుంది.

సాయంత్రానికి తేలింది. మేకులు కొట్టినవి తొమ్మిది, సంచిలోది ఒకటి చూడ్డానికి వీల్లేక తోసేసింది. ఇంకో రెండు నిజంగానే రాయి తగిలినవి. కానీ ఆ గుంట వెనక గాజు మీద, మోకాలెత్తున, కింద నుంచి తగిలినట్టు ఉంది. ఆ రెండూ ఏ వరసలోవని అడిగింది. ఊడదీయకముందు తీసిన ఫోటోలు చూసి చెప్పాను. ఒకప్పుడు గొర్రెల బదులు పెడదామని మేనేజర్ గారు నెలరోజులు గడ్డికోత మిషన్ తిప్పించిన వరసలు అవి. మిషన్ కిందనుంచి ఎగజిమ్మిన రాళ్ళు. మిగిలిన నూట ఇరవై ఆరూ గాజు తప్పే. అందులో అన్నిటికంటే శుభ్రంగా, ఒక్క గీత పడకుండా ఉన్నవి అక్క ఇచ్చిన మూడు.

అక్క పొద్దున్నుంచీ గేటు బయట గొర్రెలతో నిలబడే ఉంది. వెళ్ళి విషయం చెప్పాను. టోపీ ఆమెను ఎగాదిగా చూసి, “పగిలిన గాజు చూసేదానికి సముద్రాలు దాటుకోని వచ్చిందా తల్లి! పగలనిది చూపియ్యండప్పా, సంతోషపడి పోతాది” అంది. ఇంతలో ఆ అధికారి తన కాగితంలో ఒక గడి చూపించింది. ‘సైటులో పశువులు: సంఖ్య.’ అక్కను అడగమంది. మేనేజర్ గారు అడిగారు. అక్క నోరు తెరవలేదు. “సుమారుగా చెప్పమ్మా” అన్నారు. తెరవలేదు. అందరూ నావైపు చూశారు, ఎంచేవాణ్ణి నేనే కాబట్టి. నేను ఆకాశం వైపు చూశాను. ఆ అధికారి ఆ గడిలో ఒక అడ్డగీత గీసి సంతకం పెట్టేసింది. రెండు దేశాల ఆఫీసుల్లో దాచిన ఆ కాగితంలో ఆ గీత ఇప్పటికీ ఉంటుంది.

గొర్రెలకు గేటు తెరిచే ఉంచారు. కథ ఇక్కడ ఆగి ఉంటే నేను మీకు రాసేవాణ్ణే కాదు, అందరికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి.

వెళ్ళేముందు ఆమె నూట ఇరవై ఆరు ప్లేట్లకూ ఎర్ర కాగితం సీళ్ళు అంటించింది. కొత్తవి వచ్చేదాకా పాతవి కదలకూడదు. మర్నాడు మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళి మూడు ప్లేట్లు కావాలని అడిగాను.

“సీలు తీస్తే మొత్తం క్లెయిము పోతుందండీ. అది రెండు దేశాల మధ్య వ్యవహారం.”

“పోనీ మూడు రేకులు ఇప్పించండి సార్.”

“మూడు కొటేషన్లు తెప్పించండి, చూద్దాం.”

మూడు రేకులకు మూడు కొటేషన్లు. రెండోరోజు నా డబ్బుతో టార్పాలిన్ కొని అక్కకు ఇచ్చాను. “ఇది కాదు గదప్పా నువ్వు చెప్పింది” అంది, అంతే. నాలుగో రోజు తుఫాను వాన పట్టింది. ఆ రాత్రంతా ఈదురుగాలి. స్టోర్స్ తాళంచెవి నా జేబులోనే ఉంది. సీలు అంటే ఒక కాగితం ముక్క, దాన్ని చించడానికి గోరు చాలు. నేను లేవలేదు. నూట ఇరవై ఆరులోంచి మూడు తీస్తే మిగిలే లెక్క ఎవరికి చెప్పుకోవాలని ఆలోచిస్తూ తెల్లారేదాకా పడుకున్నాను.

పొద్దున్నే వెళ్ళేసరికి టార్పాలిన్ లేదు. అది ఏ తాలూకాకు ఎగిరిపోయిందో తెలియదు. గూడు నేలమట్టం. అక్క గుట్ట కింద పారతో మట్టి కప్పుతోంది. నక్కలు తవ్వకుండా ఒక్కొక్క కుప్ప మీద ఒక్కొక్క రాయి పెట్టింది. నేను దూరంగా నిలబడ్డాను.

“ఎంచినావా?” అని అడిగింది, వెనక్కి తిరగకుండానే.

“లేదక్కా.”

నలభై ఏళ్ళలో నేను చెప్పిన తప్పుడు లెక్క అదొక్కటే.

డబ్బు ఇవ్వబోయాను. “ఎన్నింటికని ఇస్తావప్పా? ఎన్నో నేను చెప్పను. వాన చంపింది, పో” అంది. అందులో కోపం లేదు. ఉంటే తీర్చే దారి దొరికేది.

తర్వాత ఆ రెండు దేశాల సంగతి. కొత్త ప్లేట్లు ఓడ ఎక్కేలోపు సుంకం పెరిగింది. సుంకం ఎవరు కట్టాలో తేలేలోపు, ఫలానా జాబితాలో పేరున్న కంపెనీల సరుకే వాడాలన్నారు. జాబితాలో వాళ్ళ పేరు లేదు. ఇప్పటికీ మా పుస్తకంలో ‘రావలసినవి 126’, వాళ్ళ పుస్తకంలో ‘పంపవలసినవి 126’. రెండూ సరిపోయాయి కాబట్టి ఎవరికీ తొందర లేదు. ప్లేట్లు సీళ్ళతో గదిలోనే ఉన్నాయి. ఆయుధపూజకు నా తర్వాత వచ్చినతను వాటిమీద మూడు దుప్పట్లు కప్పుతున్నాడట. మంత్రుల కుర్చీలు మాత్రం బాగా దగ్గరకొచ్చాయి. మొన్నటి ఫోటోలో మధ్యలో స్కేలు పెట్టే చోటు లేదు.

గొర్రెపిల్లలు కొని తోలుకుపోదామని నేను రెండుసార్లు సంతకు వెళ్ళాను. సరైన సంఖ్య తోలుకుపోతే, ఆ రోజు ఎంచానని అక్కకు తెలిసిపోతుంది. ఒకటి ఎక్కువో తక్కువో తోలుకుపోతే అది తప్పు లెక్క, నాకు చేత కాదు. రెండుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాను. దారిలో అక్క కనబడితే, “ఏమప్పా, సంతలో ఏం కొన్నావు?” అని అడుగుతుంది. ఏమీ లేదంటాను.

మొదట వదిలిన గడి ఇప్పుడు నింపుతున్నాను. అక్కకు చదువు రాదు. మీలో ఎవరూ చదివి వినిపించకండి. నూట ఇరవై ఆరు సంగతి ఆ దేశాలు చూసుకుంటాయి. నేను ఈ రోజుకీ బాకీ ఉన్నది, గొర్రెపిల్లలు: నాలుగు.